పదిమందిలో తిట్టిన మనిషి

ఆయన పోయాడని నాకు చెప్పింది మా ఆవిడ. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో దండ వేసిన ఫొటో పెట్టారు. ఆదివారం పొద్దున సికింద్రాబాద్ దగ్గర కార్ఖానా బస్తీలో సంతాపసభ అని కింద రాసి ఉంది. మా ఆవిడ ఫోను తెచ్చి నా పళ్లెం పక్కన పెట్టింది.

"ఈయన నీ మనిషే గద?"

"నా మనిషేం కాదు," అన్నాను.

"అదే, నిన్ను తిట్టిన మనిషి."

మా ఇంట్లో ఆయన్ని అలాగే అంటారు. ఆయన ఒక పత్రిక నడిపాడనీ, పెద్ద పెద్దవాళ్ల బండారం బయటపెట్టాడనీ మా పిల్లలకు చాలా ఆలస్యంగా తెలిసింది. నాన్నను ఇరానీ హోటల్లో పదిమందిలో తిట్టాడన్నది మాత్రం వాళ్లకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు.

నన్ను ఎవరైనా ఒక మాట అంటే అది నాలోంచి పోదు. మర్చిపోవడం గొప్ప గుణమని నాకు చాలామంది చెప్పారు. అలా చెప్పేవాళ్లు మాట అన్నవాళ్లే అయి ఉంటారు గానీ పడ్డవాళ్లయి ఉండరు. అర్జీల సంగతీ అంతే. మల్కాజ్‌గిరిలో మా గల్లీ చివరి స్తంభానికి లైటు వెలగకపోతే, వెలిగేదాకా రాస్తాను. ఆఫీసరు మారితే కొత్త ఆఫీసరుకు మొదటినుంచీ రాస్తాను. ఈ పని ఎవరో ఒకరు చెయ్యాలి. మా గల్లీలో మిగతావాళ్లు చెయ్యరు, వెలిగాక కింద నిలబడి కబుర్లు మాత్రం చెప్పుకుంటారు.

ఆ అర్జీలే నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్లాయి.

కార్ఖానా మెయిన్ రోడ్డు మీద పాత టైర్లు బాగుచేసే షాపు ఒకటి ఉండేది. పక్కనుంచి ఇనప మెట్లు, పైన ఒక గది. అదే ఆయన ఆఫీసు, చాలా రోజులు ఆయన ఇల్లు కూడా. అక్కణ్నుంచి నాలుగు పేజీల వారపత్రిక శుక్రవారం శుక్రవారం వచ్చేది. సినిమా బొమ్మలుండవు, రాశిఫలాలుండవు. కింద కాలే రబ్బరు వాసన కాగితానికి పట్టేసేది. ఇంట్లో పత్రిక విప్పితే ఎవరో పంక్చరు వేయించుకుని వచ్చినట్టుండేది.

పరిశోధక పాత్రికేయం అనే మాట అప్పటికి మా వైపు ఎవరికీ తెలీదు. ఆయన్ని "గెలికేటోడు" అనేవారు. మంత్రిగారు ఏ బడి ప్రారంభించారో పెద్ద పత్రికలు రాసేవి. ఈయన ఆ బడికి వెళ్లి గోడను గోటితో గీకి, రాలిన ఇసుకను కాగితంలో పొట్లం కట్టుకుని వచ్చి, ఆ పొట్లం సంగతి రాసేవాడు.

గోటితో గీకడం మాటవరసకు అన్నది కాదు. ఆయన దేన్నీ చూసి నమ్మేవాడు కాదు. ముట్టుకోవాలి, వాసన చూడాలి, వీలైతే నాలుక మీద పెట్టుకోవాలి. ఒకసారి మురుగు వాసన కొడుతున్న మా నల్లా నీళ్లు సీసాలో పట్టుకెళ్లాను. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, చిటికెన వేలు ముంచి నాకాడు.

"మోరీ నీళ్లు కలుస్తున్నయి సాబ్," అన్నాను.

"కలుస్తున్నయి. యాడ కలుస్తున్నయి?"

"అది మునిసిపాలిటీవాళ్లు చూడాలి. నాలుగుసార్లు రాశాను, ఒక్కడు జవాబివ్వలేదు. పైగా ఆ క్లర్కు నన్ను చూసి..."

"కోపం నీ దగ్గర పెట్టుకో. సంగతి నాకియ్యి. పైపు యాడ పగిలిందో చూసిరా, పో."

ఈ మాట నాతో ఎన్నిసార్లు అన్నాడో. కోపం నీ దగ్గర పెట్టుకో, సంగతి నాకియ్యి. నా కోపంలోనే సంగతి ఉందని నా నమ్మకం. ఆయన మాత్రం రెంటినీ విడదీసి, ఒకటి తను తీసుకుని రెండోది నాకు తిరిగిచ్చేవాడు.

చొక్కా జేబులో ఎప్పుడూ లవంగాలుండేవి. చెప్పేది వింటూ ఒకటి నోట్లో వేసుకునేవాడు. నువ్వు తెచ్చిన సంగతి అచ్చుకు పనికొస్తుందనుకుంటే నీకూ ఒకటి ఇచ్చేవాడు. ఆ మెట్లెక్కేవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. చాలాకాలం నాకు లవంగం దక్కలేదు. నా ముందు వచ్చినవాడికి దక్కేది, నా వెనక వచ్చినవాడికీ దక్కేది. అదీ నేను మర్చిపోలేదు.

ఆయన పద్ధతుల్లో అన్నిటికన్నా వింతది ఒకటుంది. ఎవరిమీద రాశాడో వాళ్ల దగ్గరికే వెళ్లి, అచ్చుకు ఇచ్చేముందు మొత్తం చదివి వినిపించేవాడు. ఒకసారి నన్ను వెంట తీసుకెళ్లాడు. రేషన్ కిరోసిన్ పక్కదారి పట్టించే డీలరు దుకాణం అది. డీలరు స్టూలు వేశాడు, చాయ్ తెప్పించాడు. ఈయన చాయ్ ముట్టుకోకుండా, కళ్లజోడు సర్దుకుని, పెళ్లిపత్రిక చదివినంత నింపాదిగా చదివాడు. డీలరు మొదట నవ్వాడు. తర్వాత చెమటలు పట్టాయి. "వెనక గదిలో కిరోసిన్ డబ్బాలు దాచి" అన్నచోట మాత్రం ఉండబట్టలేక, "డబ్బాలేంది సాబ్, డ్రమ్ములు. డబ్బాలల్ల పెట్టనీకి నేనేమన్న చిల్లర బేపారం చేస్తున్ననా?" అన్నాడు.

ఈయన పెన్సిలు తీసి డబ్బాలు కొట్టేసి డ్రమ్ములు రాసుకున్నాడు. "షుక్రియా," అన్నాడు.

దారిలో నాతో అన్నాడు: "తప్పు రాస్తే దొంగకు సుత కోపమొస్తదయ్యా. ఆ కోపంల నిజం చెప్తడు. మన కోపం పనికిరాదు గని, ఆళ్ల కోపం మంచిగ పనికొస్తది."

ఇక దుప్పట్ల సంగతి.

నేను సర్కారు హాస్టళ్లకు దుప్పట్లు, పళ్లాలు, ట్రంకుపెట్టెలు పంపే గోదాంలో గుమాస్తాని. ఒక ఎండాకాలం చివర కొత్త దుప్పట్ల కట్టలు వచ్చాయి. కొత్త దుప్పటికి గంజి వాసన రావాలి. కట్ట విప్పితే కలరా ఉండల వాసన వచ్చింది. దాని అడుగున ఇంకో వాసన. మడతలో మొహం పెట్టి చూశాను. తలకు రాసుకునే కొబ్బరినూనె వాసన అది.

మా సూపరింటెండెంటుకు చెప్పాను. "నీకు జలుబైనట్టుంది. ఇంటికి పోయి ఆవిరి పట్టు," అన్నాడు, నలుగురూ వింటుండగా.

జలుబు లేని ముక్కుతో, ఒక దుప్పటి మడిచి సైకిలు వెనక కట్టుకుని, కార్ఖానా వెళ్లి ఇనప మెట్లెక్కాను. నేనేం చెప్పకముందే ఆయన దుప్పటి తీసుకుని మొహానికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు తీయలేదు. తీశాక మడత మీద చెయ్యి పెట్టి అన్నాడు:

"పోరని తల వాసన. పోయిన చలికాలం ఏ పోరడో కప్పుకొని పన్నడు. ఉతుకుతమని తీస్కపోయిన్రు, ఉతకనన్న ఉతకలే. ఇప్పుడు గదే దుప్పటి గదే పోరనికి కొత్తదని ఇస్తున్రు."

జేబులోంచి లవంగం తీసి నా చేతిలో పెట్టాడు. తర్వాత ఒక ప్రశ్న అడిగాడు. అంతవరకూ నా ఇంటి సంగతి ఎన్నడూ అడిగినవాడు కాదు.

"మీ ఇంట్ల ఉద్యోగం నీదొక్కటేనా?"

"ఒక్కటే సాబ్. ఆవిడకు నెలలు నిండుతున్నాయి."

"ఊఁ," అన్నాడు. "నేను పిలిచేదాంక ఇటు రాకు."

పిలవలేదు. పిలుపు కోసం చూస్తూనే ఉన్నాను. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి మా సూపరింటెండెంటూ మేం కొందరం కలిసి సికింద్రాబాద్ గడియార స్తంభం దగ్గర ఇరానీ హోటలుకు వెళ్లాం. ఆ గోదాంలో అన్నేళ్లకు నన్ను వాళ్లు చాయ్‌కి పిలవడం అదే మొదలు. కప్పులు అప్పుడే వచ్చాయి. ద్వారంలోంచి ఆయన వచ్చాడు. హోటల్లో సగంమందికి ఆయన తెలుసు. నేను లేచి నమస్తే పెట్టాను. అలా లేవడంలో, నాకు ఈయన తెలుసని మావాళ్లకు చూపించుకోవాలన్న ఉబలాటం కూడా కొంత ఉంది.

ఆయన నన్ను చూశాడు. తర్వాత నా బల్ల దగ్గర ఎవరెవరున్నారో ఒక్కొక్కరినీ చూశాడు.

"ఏందయ్యా, ఈడ సుత దాపురించినవా?" అన్నాడు. గొంతు గల్లాపెట్టె దాకా వినపడింది. "నీ గల్లీ లైటు, నీ మోరీ, నీ నల్లా. దునియల ఇంకేం లేవా నీకు? వారం వారం వచ్చి నా నెత్తి తింటవ్. ఒక్కనాడన్న పనికొచ్చే ముచ్చట చెప్పినవా? మీ ఆఫీసోళ్లు నిన్నెట్ల భరిస్తున్నరో. జెర చెప్పున్రి సార్ మీరన్న. ఇంకోపారి నా మెట్లెక్కితే కిందికి నూకుత."

గల్లా మీద కూర్చున్నాయన వైపు తిరిగి, "ఈ మనిషి లోపలుంటే నాకు చాయ్ పొయ్యకు," అని, వచ్చినదారినే వెళ్లిపోయాడు.

మా సూపరింటెండెంటుకు నవ్వి నవ్వి పొలమారింది. ఎవరో ఆయన వీపు తట్టారు. నా వీపు ఎవరూ తట్టలేదు. నా కప్పులో చాయ్ మీద మీగడ కట్టింది. ఆ హోటలుకు నేను మళ్లీ వెళ్లలేదు.

ఒక్కనాడన్నా పనికొచ్చే ముచ్చట చెప్పినవా అన్నాడే, ఆ మాట. మిగతావన్నీ ఎలాగోలా మింగాను. దుప్పటి ఇచ్చి నెల తిరగలేదు. నా ఉద్యోగం, నా ఇల్లు, పుట్టబోయే పిల్ల, అన్నీ ఆ దుప్పటిలో మడిచి ఆయన చేతిలో పెట్టాను.

ఆ తర్వాతి శుక్రవారం పత్రికలో దుప్పట్ల కథ మొదటి పేజీలో వచ్చింది. కొబ్బరినూనె వాసన సంగతితో మొదలైంది. నగరంలో గోల లేచింది. పెద్ద పత్రికలు కూడా రెండో వారానికి ఎత్తుకున్నాయి. దుప్పట్ల కాంట్రాక్టు రద్దయింది. పైన ఇద్దరు ఆఫీసర్లు సస్పెండయ్యారు. మా గోదాంలో విచారణ మొదలైంది. వాసన సంగతి బయటికి ఎవరు చెప్పారన్నదే వాళ్ల విచారణ.

అందర్నీ లోపలికి పిలిచారు. నన్ను పిలవలేదు. తలుపు బయట నిలబడ్డాను. లోపల మా సూపరింటెండెంటు గొంతు వినిపించింది: "వాడా? వాడు కాదు సార్. వాణ్ని ఆ ఎడిటర్ హోటల్ల కుక్కను ఎల్లగొట్టినట్టు ఎల్లగొట్టిండు. నా కండ్లతోని చూసిన. వాని మొహం చూసినోళ్లెవరు వాడిచ్చిండని అనరు."

ఉద్యోగం నిలిచింది. కానీ నాకు అప్పుడు తోచింది ఒక్కటే. నేరానికి కూడా నేను పనికిరానని నిర్ణయించారు.

భయం మాత్రం వేరే దారిలో వచ్చింది. చెప్పినవాడు దొరికితే కాళ్లు విరగ్గొడతామని కాంట్రాక్టరు మనుషులు అంటున్నారని గోదాంలో చెప్పుకున్నారు. ఆ కాంట్రాక్టరు తర్వాత మళ్లీ నిలదొక్కుకున్నాడు, పెద్దవాళ్లతో ఫొటోల్లో కనిపించేవాడు. పదిమందిలో నన్ను అలా అన్న మనిషి, నా పేరు ఎక్కడో ఏదో మాటల్లో అనేయడని నమ్మకమేంటి? సైకిలు వెనక స్కూటరు ఆగితే పక్క గల్లీలోకి తిప్పేవాణ్ని. ప్రమోషన్ ఆలస్యమైతే అదే కారణమనుకునేవాణ్ని. రిటైరయ్యేదాకా, ఆ తర్వాత పింఛను కాగితాలు కదిలేదాకా కూడా, ఎవరో నా పేరు పట్టుకుని వస్తారని చూస్తూనే ఉన్నాను.

చాలా ఏళ్ల తర్వాత ఒకసారి సికింద్రాబాద్ స్టేషన్లో, లోకల్ రైలు కోసం నిలబడి ఉంటే ఆయన ఎదురయ్యాడు. మనిషి వంగిపోయాడు. అప్పటికే పత్రిక ఆగిపోయింది. టైర్ల షాపు ఉన్నచోట సెల్‌ఫోన్ల షాపు వచ్చింది. నన్ను గుర్తుపట్టి నేరుగా వచ్చాడు. జేబులో చెయ్యిపెట్టి, లవంగం తీసి, అరచేయి చాపాడు.

"ఏందయ్యా," అన్నాడు, "లైటొచ్చిందా?"

మళ్లీ అదే లైటు. ఇన్నేళ్లయినా వేళాకోళం మానలేదనుకున్నాను. మొహం తిప్పుకుని, నాది కాని రైలెక్కేశాను. అది కదిలేటప్పుడు చూస్తే ఆయన అరచేయి అలాగే ఉంది. తర్వాత లవంగం తన నోట్లోనే వేసుకున్నాడు.

అందుకే సంతాపసభకు వెళ్లనన్నాను. మా ఆవిడ అంది: "పో. పోయి ఆయన ఫొటోనన్న నాలుగు తిట్టిరా. నాకు విని విని చెవులు నొస్తున్నయి."

కార్ఖానాలో చిన్న హాలు. ముందు వరసల్లో నాయకులు, కొందరు రిటైరైన సంపాదకులు. మైకు ముందుకొచ్చిన ప్రతివాళ్లూ, "ఆయన నన్నెంతో గౌరవించేవారు," అన్నారు. నేను వెనక కూర్చున్నాను. వెనక వరసల్లో ఉన్నవాళ్లు మాత్రం ఎవరూ మైకు దగ్గరికి వెళ్లడం లేదు. వాళ్ల మొహాలు నా మొహంలాగే ఉన్నాయి, పాత బాకీ వసూలుకు వచ్చినట్టు.

అప్పుడు వాకర్ పట్టుకుని ఒక ముసలాయన లేచాడు. గుర్తుపట్టగానే ముందువాడి వెనక తల దించుకున్నాను. దుప్పట్ల కాంట్రాక్టరు. ఇప్పుడు అల్వాల్లో ఫంక్షన్ హాలు నడుపుతున్నాడని విన్నాను. మైకు ఆయన దగ్గరికే తెచ్చారు.

"నన్ను ముంచినోడే ఈయన," అన్నాడు. హాలు కదిలింది. "గని నా మొహం మీద చదివి ముంచిండు. మస్తు ఎండలు. దుప్పటి కప్పుకొని వచ్చిండు నా ఆఫీసుకు. చెమటలు కారుతున్నయి, దుప్పటి మాత్రం తియ్యడు. కూసొని మొత్తం చదివిండు. 'రెండేండ్ల పాత దుప్పట్లు' అని చదివిండు. నాకు మండింది. రెండేండ్లయి యాడియి సాబ్, పోయినేడాదియే అన్న. గంతే. షుక్రియా అన్నడు, లేచి పోయిండు."

హాలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"నాకొక్కటే రంది. ఆ దుప్పటి ఎవరిచ్చిన్రని ఎన్ని తీర్ల అడిగిన. బతిమాలిన, బెదిరించిన. నడుమ దోస్తులమైనంక సుత అడిగిన. నీ దుప్పటే చెప్పిందిరా అనేటోడు. పోయిన నెల దవాఖానల సుత అడిగిన. నవ్విండు గని చెప్పలే. పట్టుకొని పోయిండు."

నా వీపు కుర్చీకి ఆనింది. అంతవరకూ ఆనించలేదని అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లుగా భుజాలు బిగబట్టుకుని నడిచినవాణ్ని, భుజాలు వాటంతట అవే దిగాయి. చెప్పలేదు. బెదిరించినా చెప్పలేదు, దోస్తీలోనూ చెప్పలేదు, పోతూ కూడా చెప్పలేదు.

సభ అయ్యాక చాయ్ ఇస్తున్నారు. కాంట్రాక్టరు నెమ్మదిగా వాకర్ జరుపుకుంటూ నా ముందుకొచ్చి ఆగాడు. కళ్లు చికిలించి చూశాడు.

"మీరు ఆ గోదాంల ఉంటుండె గద?"

"ఉండేవాణ్ని," అన్నాను.

"యాదికొచ్చింది. మీ సూపరింటెండెంటు చెప్తుండె. మీ అందరి మీద నాకు అనుమానముండె గని, మీ ఒక్కరి మీద లేకుండె. మిమ్ముల హోటల్ల గలీజుగ తిట్టిండంట గద ఆ మహానుభావుడు. పాపం. మీరు సుత వచ్చిన్రు సూడు సభకు. మంచోళ్లు."

నా భుజం తట్టి వెళ్లిపోయాడు. ఇన్నేళ్లకు ఆ హోటలు సంగతిలో నా భుజం తట్టింది ఈయనొక్కడే.

పక్కన ఒకావిడ నన్నే చూస్తోంది. నా వయసే ఉంటుంది. సర్కారు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయిందట. మాటను బట్టి కోస్తావైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినావిడ.

"మిమ్మల్నీ తిట్టాడాండీ?" అంది, చిన్నగా.

"తిట్టాడు."

"నన్నయితే ఆస్పత్రి హాల్లో, పేషెంట్ల ముందు తిట్టాడు. గ్లూకోజు సీసాల సంగతి నేనే చెప్పాను ఆయనకి. చెప్పిన వారానికి వచ్చి, పని చేతగాని నర్సువి అంటూ ఎంత మాట పడితే అంత మాట అన్నాడు. ఏడ్చుకుంటూ డ్యూటీ దిగిపోయాను. మర్నాడు మెట్లెక్కి వెళ్లి నిలదీశాను. మీరు వెళ్లలేదా?"

"మెట్లెక్కితే నూకుతా అన్నాడు."

"నన్నూ అన్నాడండి. నూకమనండి చూద్దాం అని వెళ్లాను." ఆవిడ నవ్వింది. "నేను తిట్టిన మనిషిని ఎవరూ అనుమానించరమ్మా, మీకు ఇంతకన్న మంచి తాళం నా దగ్గర లేదు, అన్నాడు. మరి ముందే చెప్పొచ్చు కదా సార్ అన్నాను. 'చెప్తే మీరు ఏడ్వరు గదమ్మా. ఉత్తుత్తిగ ఏడిస్తే మీ మేట్రన్ కనిపెడతది' అన్నాడు. లవంగం ఒకటి చేతిలో పెట్టి పంపించాడు."

తలుపు బయట నిలబడి విన్న మాట గుర్తొచ్చింది. వాని మొహం చూసినోళ్లెవరు వాడిచ్చిండని అనరు. నా ఉద్యోగాన్ని కాపాడింది ఆ మొహం. మా పెద్దమ్మాయి ఫీజులు కట్టింది, మల్కాజ్‌గిరి ఇంటి పైకప్పు వేసింది కూడా ఆ మొహమే. ఆయన దాన్ని ఒక్క నిమిషంలో తయారుచేసి, నాకు తగిలించి పోయాడు.

వెనక వరసలవాళ్లు ఒక్కొక్కరే చాయ్ తాగుతున్నారు. ఎవరు ఏ సంగతి చెప్పినవాళ్లో నాకు తెలీదు. అడగాలనీ అనిపించలేదు.

"మిమ్మల్ని ఎంతమంది ముందు తిట్టాడండీ?" అందావిడ.

"హోటలంతా విన్నారు. గడియార స్తంభం దగ్గర ఇరానీ హోటలు. సాయంత్రం పూట."

ఆవిడ కప్పు కింద పెట్టి నన్ను మళ్లీ కొత్తగా చూసింది.

"అయితే పెద్ద పనే చేసుంటారు," అంది.

ఇంటికి వచ్చి మా ఆవిడకు అంతా చెప్పాను. ఆమె కూరగాయలు తరుగుతూ వింది. విన్నాక కత్తిపీట పక్కకు పెట్టి కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది.

"నెలలు నిండినయని చెప్పినవా ఆయనకు?"

"చెప్పాను. ఆయనే అడిగాడు, ఉద్యోగం ఒక్కటేనా అని."

"మంచోడు," అంది. "ఇంకనన్న ఇడుస్తవా మరి?"

"తిట్టినందుకున్న కోపం వదిలేశాను," అన్నాను. "తర్వాతైనా ఒకసారి పిలిచి చెప్పి ఉండొచ్చు. చెప్పనందుకు మాత్రం వదల్లేదు."

"స్టేషన్ల పిలిచిండు గద. మొహం తిప్పుకొని నువ్వే వేరే రైలెక్కినవ్."

ఆ రైలెక్కి ఎక్కడో దిగి, తిరిగి రావడానికి ఆ రోజు పడిన యాతన కూడా ఇన్నేళ్లూ ఆయన ఖాతాలోనే వేశాను. అరచేతిలో లవంగంతో ఆయన అడిగింది వేళాకోళం కాదు. కాంట్రాక్టరు నీ జోలికి రాలేదు కదా అని స్టేషన్లో పదిమందిలో అడగలేడు. మా ఇద్దరికీ తెలిసిన ఇంకో సంగతి ఏదో అడగాలి. హోటల్లో నన్ను తిట్టడానికి ఏది వాడుకున్నాడో, పలకరించడానికీ అదే వాడుకున్నాడు. ఆయన దగ్గర నా గురించి ఉన్నదల్లా ఆ లైటే.

నన్ను ఎవరైనా ఏదైనా అడిగితే నేను జవాబివ్వకుండా ఉండను. ఆఫీసులు నాకు ఇవ్వకపోవచ్చు, నేనిస్తాను. ఇది ఒక్కటి మిగిలిపోయింది.

లైటొచ్చింది సాబ్. మీరు స్టేషన్లో అడిగేనాటికే వచ్చింది. చాలా ఏళ్లు బాగానే వెలిగింది. పోయిన నెల మళ్లీ పోయింది. స్తంభం దగ్గరికి వెళ్లి, మీరన్నట్టే, తీగ ఎక్కడ తెగిందో చూసుకుని వచ్చాను. సంగతి మాత్రమే రాసి అర్జీ పెట్టాను. కోపం నా దగ్గరే ఉంది.